తొమ్మిది గళ్ల పొట్ట

సోమసుందరం డాక్టరుగారు విశాఖపట్నం మెడికల్ స్కూల్లో శరీరశాస్త్రం పరీక్ష రెండుసార్లు తప్పారు. ఆయన భార్య శ్యామలాంబ ఒక్కసారి కూడా తప్పలేదు. అసలు పరీక్షకే కూర్చోని మనిషి తప్పడమేమిటి అని మీకు అనిపిస్తే అనిపించవచ్చు గానీ, ఆ మాట ఆవిడ ముందు మాత్రం అనకండి. మూడోసారి ఆయన గట్టెక్కడం ఎవరి చలవో నర్సీపట్నంలో ఆయన కంటే ముందు ఆవిడే చెబుతుంది.

చెప్పడంలో అబద్ధమూ లేదు. ఆ రోజుల్లో వాళ్లు విశాఖపట్నంలో ఒంటిగది వాటాలో ఉండేవారు. ఆయన ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తూ పాఠం అప్పజెప్పేవారు. ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ, పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని సరిచూసేది. తండ్రి బడిపంతులు కాబట్టి ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలదు. బొమ్మలు చూస్తే తక్కినది అదే అర్థమయ్యేది. ఆయనకేమో కపాల కుహరం, ఉరఃకుహరం, ఉదర కుహరం అన్నీ కలగాపులగమై, ఊపిరితిత్తుల్ని పట్టుకెళ్లి పొట్టలో పెట్టేవారు.

"ఆ నోరు తిరగని మాటలు కాసేపు పక్కన పెట్టండి," అంది ఒకరోజు విసుగెత్తి. "ఒళ్లంటే ఇల్లనుకోండి. తల ఒక గది, అందులో మెదడు. వీపు పొడుగునా సన్నటి వసారా, అందులో వెన్నుపాము. ఛాతీ నడిమిల్లు. ఊపిరితిత్తులు చెరో పక్క, మధ్యన గుండె. నడిమింటికి నేల ఏదో, పొట్టకి పైకప్పు అదే. పొట్ట వంటిల్లు, అరిగించే పనంతా అక్కడే. దాని కింద కటి భాగం, పురిటిగది. ఆ రెంటికీ మధ్య గోడ లేదు, గడప ఒక్కటే. ఇప్పుడు చెప్పండి, ఊపిరితిత్తులు ఎక్కడున్నాయి?"

"నడిమింట్లో," అన్నారు డాక్టరుగారు బుద్ధిగా.

వంటిల్లు మాత్రం ఒక్క గదిగా చదివితే లాభం లేదని పుస్తకంలోనే ఉంది. పొట్ట మీద రెండు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు ఊహించుకుంటే తొమ్మిది గళ్లవుతాయి. పైన కుడి గడిలో కాలేయం, నడిమి గడిలో జీర్ణాశయం, ఎడమ గడిలో ప్లీహం. మధ్య వరసకి నడుమ బొడ్డు. కింద కుడి గడిలో పెద్దపేగు మొదలు, దానికి చిటికెన వేలంత తోక, అపెండిక్సు. నొప్పి ఏ గడిలో ఉందో తేలితే సగం జబ్బు తేలినట్టే. ముగ్గు చుక్కలు లెక్కపెట్టడం పుట్టినప్పటి నుంచీ వచ్చిన మనిషికి తొమ్మిది గళ్లు ఏ మూలకి?

పరీక్ష గట్టెక్కాక ఆయన నర్సీపట్నం బజారు వీధిలో ఆసుపత్రి తెరిచారు. జనం బాగానే వచ్చారు, మగజనం. ఏజెన్సీ కొండల పక్కన ఊరు, చలిజ్వరం పట్టని ఇల్లు లేదు. పదిమంది వస్తే ఎనిమిది మందికి ప్లీహం ఉబ్బి ఉండేది. దాన్ని అక్కడివాళ్లు బల్ల అంటారు. డాక్టరుగారు కళ్లు మూసుకుని క్వినైను రాసిచ్చేవారు.

ఆడవాళ్ల సంగతే చిక్కొచ్చి పడింది. కాస్త కలిగిన ఇళ్లలో కోడళ్లు తెర దాటి పరాయి మగవాడి కంట పడరు. పడకపోవడం అటుంచి, ఫలానా చోట నొప్పి అని హాల్లో నలుగురు మగవాళ్లు వినేలా అనడం కూడా పెద్దల లెక్కలో తప్పే. మరి డాక్టరు వైద్యం దేనికి చెయ్యాలి, తెరకా? అప్పుడు శ్యామలాంబ కొంగు బిగించింది. పలక మీద తొమ్మిది గళ్లు గీసి తెర లోపలికి తను వెళ్లేది. పిల్లను పడుకోబెట్టి గడి గడికీ వేళ్లతో నొక్కేది. కొంచెం నొప్పి ఉన్న చోట చుక్క, ప్రాణం పోయేంత ఉన్న చోట సున్నా పెట్టేది. పలక బయటికొచ్చేది, మందు లోపలికెళ్లేది. ఎవరి నోటా ఒక్క మాట రానక్కర్లేదు.

డాక్టరు భార్య మొగుడితో బండెక్కి ఊళ్లు తిరుగుతోందని నర్సీపట్నంలో కొందరు నోళ్లు నొక్కుకున్నారు. వాళ్ల ఇళ్లల్లో కడుపునొప్పులు వచ్చినప్పుడు ఆ నోళ్లే డాక్టరమ్మగారండీ అన్నాయి. మూడేళ్లు ఇలా గడిచాక శ్యామలాంబకి తన పలక మీద ఎంత నమ్మకం కుదిరిందంటే, దేవుడైనా దిగివచ్చి ఈ గడి కాదమ్మా అంటే, ఇంకోసారి చూసుకోండి స్వామీ అనేలా ఉండేది.

పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిదో సంవత్సరం మాఘమాసంలో కోటవురట్ల దగ్గరి పల్లె నుంచి చినబాబు అనే కుర్ర రైతు తెల్లవారుతూనే బండి పంపాడు. భార్య లోవలక్ష్మికి నిన్నటి నుంచి కడుపునొప్పి, జ్వరం, వాంతులు. దేవుళ్లు అనే బండివాడు ఎద్దుల్ని పరిగెత్తించాడు. ఆ పరుగులో చక్రం గోతిలో పడి, మందుల పెట్టె ఎగిరి పడి, పలక రెండు ముక్కలైంది.

"పోతే పోయింది. గళ్లు గియ్యడానికి నాకు పలకే ఉండాలా?" అంది శ్యామలాంబ.

ఆ ఇంటి పెద్ద చినబాబు తల్లి జోగులమ్మ. యుద్ధం రోజుల్లో బెల్లం ధర పెరిగి ఆ ఇల్లు పెంకుటిల్లయింది, పెంకుటింటికి తెర వచ్చింది. అంతకుముందు ఆవిడా చెరుకుతోటలో ఆకు దూసిన మనిషే. కొత్తగా వచ్చిన గోషా పాతదాని కంటే గట్టిగా ఉంటుంది. డాక్టరుగారికి హాల్లో కుర్చీ వేయించి, గది గుమ్మానికి వేలాడే ముతక తెరను ఆవిడ స్వయంగా నేల దాకా దించింది.

లోవలక్ష్మికి పదిహేడేళ్లుంటాయి. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, పళ్లబిగువున పడుకుని ఉంది. శ్యామలాంబ చేతులు కడుక్కుని మెల్లగా నొక్కడం మొదలుపెట్టింది. పై గళ్లలో ఏమీ లేదు. బొడ్డు దగ్గర మూలిగింది. కింద కుడి గడిలో వేలు ఆనించగానే పిల్ల ఆవిడ మణికట్టు పట్టుకుని వదల్లేదు.

పలక లేదు కాబట్టి శ్యామలాంబ ముగ్గుపిండి అడిగి తీసుకుని గడప దగ్గర కూర్చుంది. తెర అంచు కొంచెం ఎత్తి, అవతలి నేల మీద తొమ్మిది గళ్లు వేసింది. బొడ్డు గడిలో చుక్క, కింద కుడి గడిలో నిండు సున్నా పెట్టింది. ముగ్గంతా తెరకి అవతలి వైపునే ఉంది. డాక్టరుగారు కుర్చీలోంచి లేచి వచ్చి, అవతల నిలబడి వంగి చూసి, "సరే, అర్థమైంది," అన్నారు.

ఆ ఒక్క మాటతో శ్యామలాంబకి పని అయిపోయినట్టే. జోగులమ్మ ఆవిడను వంటింటి వైపు తీసుకెళ్లి పసుపు రాసి, బొట్టు పెట్టి, రవికల గుడ్డ చేతిలో పెట్టింది. ఈలోగా డాక్టరుగారు హాల్లో మందు కలిపి చినబాబుకి చెప్పవలసింది చెప్పారు. ఆముదం పట్టించవచ్చా అని జోగులమ్మ కొడుకు చేత అడిగించింది. పట్టించండి, ఇప్పుడే పట్టించినా మంచిదే అన్నారాయన. పదిన్నర నుంచి పన్నెండు దాకా వర్జ్యం, వర్జ్యంలో మందు నోట్లో వెయ్యం అని లోపలి నుంచి జవాబొచ్చింది. డాక్టరుగారు తనలో తాను గొణుక్కుని బండెక్కారు.

మామిడితోటలు దాటి బండి రెండు మైళ్లు పోయింది. శ్యామలాంబకి మనసులో పిల్ల మీద జాలిగా ఉన్నా, సరైన వేళకి కనిపెట్టామన్న ధీమా దానికి మించి ఉంది.

"వాళ్లకి సాయంత్రం పాసింజరు అందుతుందంటారా?" అని అడిగింది.

"ఎవరికి?"

"లోవలక్ష్మికండీ. విశాఖపట్నం తీసుకెళ్లమని చెప్పారు కదా."

డాక్టరుగారు నవ్వారు. "బల్లకి విశాఖపట్నం దేనికి? నాలుగు రోజులు క్వినైను పడితే అదే దిగుతుంది."

"బల్లేమిటి?"

"నువ్వు పెట్టిన సున్నాయే. పైన ఎడమ గడి."

"నేను పెట్టింది కింద కుడి గడిలో."

"కళ్లారా చూశానే."

"చేత్తో పెట్టానండీ."

ఇద్దరికీ తమ మీద తమకి నమ్మకమే. అలాంటి ఇద్దరు ఒక బండిలో కూర్చుంటే ఎవరో ఒకరు దిగాలి గానీ మాట దిగదు. అంతలో శ్యామలాంబ కళ్ల ముందు ఆ గడప కనిపించింది. లోపల తను. బయట ఆయన. మధ్యన నేల మీద ముగ్గు. పలకైతే తను ఎలా పట్టుకుంటే అలాగే ఆయన చేతికి వెళ్లేది. నేల మీది ముగ్గుకి ఆ సదుపాయం లేదు. ఆవిడకి పైన అయినది ఆయనకి కింద, ఆవిడకి కుడి అయినది ఆయనకి ఎడమ. చూసినవాళ్లు సరిగ్గానే చూశారు, వేసినవాళ్లు సరిగ్గానే వేశారు. పిల్ల ప్రాణం మాత్రం తలకిందులైంది.

"అటునుంచి చూశారండీ," అంది.

డాక్టరుగారికి ఒక్క క్షణం పట్టింది. "ఆముదం పట్టమన్నాను," అన్నారు.

పేగు తోకకి చీము పట్టినప్పుడు ఆముదం పోస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. పేగులు మెలిపెట్టుకుంటాయి, ఆ తోక పగులుతుంది, చీము పొట్టంతా పరుచుకుంటుంది. ఆ తర్వాత ఏ గడిలో నొప్పి అని అడిగే పని ఉండదు. ఆయన గడియారం తీశారు. పదకొండూ అయిదు.

"దేవుళ్లూ, బండి తిప్పు," అంది శ్యామలాంబ.

"ఏటమ్మా, ఏటైనా మరిసిపోనారా?" అన్నాడు దేవుళ్లు.

"మర్చిపోయాం. బేగి తిప్పు నాయనా."

అబద్ధమెందుకు, ఆ రెండు మైళ్లలో ఆవిడ మనసులో ఉన్నది పిల్ల ఒక్కతే కాదు. తప్పు చేశాం అని ఆ గడపలో నిలబడి చెబితే, రేపటి నుంచి ఈ చుట్టుపక్కల ఏ ఇల్లాలు తన గళ్లని నమ్ముతుంది? మూడేళ్లు కష్టపడి కట్టుకున్న పేరు. అది గుర్తొచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఎద్దుల తోక మెలిపెట్టమని దేవుళ్లుకి ఇంకోసారి చెప్పింది.

ఇంటికి చేరేసరికి వర్జ్యం ఇంకా పోలేదు. జోగులమ్మ గది గుమ్మంలో ఆముదం గిన్నె దగ్గర పెట్టుకుని కూర్చుని ఉంది. శ్యామలాంబ వెళ్లి గిన్నె తీసి దూరంగా పెట్టింది.

"ఇది పట్టకూడదు జోగులమ్మగారూ. పడితే పిల్ల బతకదు."

"డాకటరుబాబే గదమ్మా పట్టమన్నారు?"

"ఆయన పొరపాటు పడ్డారు. ఆ పొరపాటు నావల్ల వచ్చింది. నేను లోపల్నుంచి వేసిన గళ్లు ఆయన బయటనుంచి చూశారు. నొప్పి ఒక చోటుంటే ఇంకో చోట అనుకున్నారు. తప్పు మాదే."

హాల్లో డాక్టరుగారు చినబాబు ముందు తల దించుకు నిలబడ్డారు. జోగులమ్మ లేచింది.

"పొద్దున్నొకటి సెప్పినారు, ఇప్పుడింకోటి సెప్తన్నారు. మాపిటికి మరేటి సెప్తారో. నానేది నమ్మీదమ్మా?" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే శ్యామలాంబకి కాస్త తేలికగా ఉండేది.

"నన్ను నమ్మకండి. ఆయన్ని లోపలికి రానిచ్చి, పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి చూడనివ్వండి. అప్పుడు ఆయన చెప్పింది నమ్మండి."

"మా ఇంట్లో మగోడి సెయ్యి కోడలి మీద పడదు."

"పడకపోతే పిల్ల దక్కదు."

"ఆ మాట మీరే అంతన్నారు. మీ మాటేటో పొద్దున్న సూసినాం గదా."

శ్యామలాంబ వెళ్లి పిల్ల మంచం పక్కన నిలబడింది. చినబాబు తల్లి మొహం చూస్తున్నాడు, డాక్టరుగారు గడియారం చూస్తున్నారు. అప్పుడు మంచం మీద నుంచి లోవలక్ష్మి మాట్లాడింది.

"అత్తా, నొప్పి నాకు. ఆ బాబుని రమ్మను."

అత్తగారి ఎదుట ఆ పిల్ల గట్టిగా మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. జోగులమ్మ కోడలి వైపు తిరిగి చూసింది. తర్వాత ఆముదం గిన్నె తీసుకుంది. "నాను దొడ్లోకెల్తన్నాను. నాను సూణ్ణేదు," అని వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయింది.

డాక్టరుగారు లోపలికి వచ్చి నేల మీద మోకాళ్ల మీద కూర్చున్నారు. అరచేతులు రెండూ రుద్ది వేడి చేసుకున్నారు. ఎడమ వైపు కింద నొక్కారు, పిల్ల కుడి వైపు చెయ్యి పెట్టుకుని ఇక్కడ అంది. కుడి వైపు కండ రాయిలా బిగుసుకుని ఉంది. మెల్లగా నొక్కి చటుక్కున చెయ్యి తీశారు. లోవలక్ష్మి పెట్టిన కేకకి దొడ్లో కోళ్లు లేచిపోయాయి.

"చినబాబూ, బండిలో గడ్డి ఒత్తుగా పరిపించు. ఇప్పుడే బయల్దేరాలి," అన్నారు డాక్టరుగారు. ఆ గొంతులో అనుమానమన్నది లేదు. ఆయన్ని అలా చూసి శ్యామలాంబకి ధైర్యం వచ్చింది. ఈయన పరీక్ష ఎందుకు తప్పారా అని కూడా అనిపించింది.

వర్జ్యం పోవడానికి ఇంకా పావుగంట ఉంది. అందరికంటే ముందు బండెక్కి కోడలి తల ఒళ్లో పెట్టుకున్నది జోగులమ్మే. వేళ సంగతి ఎవరూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. నర్సీపట్నం రోడ్డు స్టేషనులో పాసింజరు దొరికింది. డాక్టరుగారు తను చదివిన రోజుల్లో తెలిసిన సర్జను దొరగారికి తంతి ఇచ్చారు. వాల్తేరులో దిగేసరికి డోలీ సిద్ధంగా ఉంది. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో ఆ రాత్రే కోసి ఆ తోక తీసేశారు. పగలడానికి సిద్ధంగా ఉందనీ, ఆముదం పడి ఉంటే తనూ చేయగలిగింది లేదనీ ఆపరేషను చేసిన దొరగారు డాక్టరుగారితో అన్నారు.

మర్నాడు పొద్దున్న లోవలక్ష్మి కళ్లు తెరిచి మంచినీళ్లడిగింది. ఇప్పుడే ఇవ్వకూడదని తడిగుడ్డతో పెదాలు అద్దారు. నీళ్లు ఇవ్వనందుకు ఆ పిల్ల మొహం చిట్లించింది. ఆ చిట్లింపు చూసి శ్యామలాంబ వరండాలోకి వచ్చి, స్తంభం పక్కన నిలబడి భోరుమని ఏడ్చింది. సంతోషం కొంత, నిన్నటి భయం కొంత. ఎవరు చూసినా పట్టించుకోలేదు.

కళ్లు తుడుచుకుని చూస్తే పక్కన బెంచీ మీద జోగులమ్మ ఉంది. రాత్రంతా కూర్చున్న చోటు నుంచి లేవలేదు. శ్యామలాంబ వెళ్లి దగ్గర కూర్చుంది. ఏవో నాలుగు తిట్లు పడతాయనే అనుకుంది, పడవలసినవే అనుకుంది.

"అమ్మా, మీకో మాట సెప్పాల," అంది జోగులమ్మ, ఎదురుగా చూస్తూ. "నిన్న మిమ్మల్ని సానా మాటలన్నాను."

"అనవలసినవే అన్నారు."

"అది కాదమ్మా." ఆవిడ శ్యామలాంబ చెయ్యి అందుకుని కొంగు కిందుగా తన పొట్ట మీద పెట్టుకుంది. అరచేతి కింద గట్టిగా, గుండ్రంగా, వెలగపండంత తగిలింది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది శ్యామలాంబ.

"నాలుగేళ్లు. మా ఓడికి కూడా సెప్పనేదు. కోడలి మీద సెయ్యెయ్యనిస్తే మర్నాడు నా మీదా ఎయ్యమంతారని బయమేసిందమ్మా. ఏటున్నదో తెలిసిపోద్దని బయం. పరువూ లేదు, ఏటీ లేదు. నా బయానికి ఆ గుంటని సంపీసీదాన్ని." జోగులమ్మ మొహంలో ఏడుపు లేదు, అలసట ఉంది. "ఏటమ్మా అది? మీకు తెలుస్తాది గదా?"

శ్యామలాంబ వేళ్లకి తెలుసు. ఏ గడో తెలుసు, ఆ గడి కింద ఏ గది ఉందో తెలుసు, పుస్తకంలో ఎన్నో పేజీయో కూడా తెలుసు. పేరు నాలుక చివరి దాకా వచ్చింది. ఆవిడ చెయ్యి తీయకుండానే జోగులమ్మ కళ్లలోకి చూసింది.

"నాకు తెలీదు జోగులమ్మగారూ. తెలిసినాయన లోపల ఉన్నారు. చూస్తే చెబుతారు. కోసి తీసేదైతే తీసే దొర కూడా ఇక్కడే ఉన్నారు. పిలవనా?"

జోగులమ్మ వార్డు గుమ్మం వైపు చూసింది. లోపల డాక్టరుగారు లోవలక్ష్మి మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెడుతున్నారు. ఆవిడ కొంగు సర్దుకోబోయి వదిలేసింది.

"పిలండి. నానిక్కడే కూకుంతాను," అంది.